ఒకే పద్యం, పలు గొంతులు: లిబ్రివాక్స్‌లో ‘ది ఫెయిరీస్’

ఇంగ్లీషు పద్యాల నడక పట్టుబడటం లేదని బాధపడే టీచర్లకీ, పిల్లలకీ, ఇష్టంతో సొంతంగా చదువుకునేవాళ్లకీ నేను చెప్పేది ఒకటే. కొన్నాళ్లు పుస్తకం పక్కనపెట్టి లిబ్రివాక్స్ అనే ఆడియో పుస్తకాల వెబ్‌సైట్ వినండి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అడగదు, పద్యం మధ్యలో ప్రకటన రాదు. మాంట్రియల్‌లో ఉండే హ్యూ మెగ్వైర్ అనే ఆయన 2005లో దీన్ని మొదలుపెట్టారు. కాపీరైటు గడువు తీరిన రచనల్ని రకరకాల దేశాల వాలంటీర్లు తమ ఇళ్లలోనే కూర్చుని చదివి రికార్డు చేస్తారు. ఆ రికార్డింగుల మీద కూడా ఎవరికీ హక్కులుండవు. దించుకోవచ్చు, పంచుకోవచ్చు, క్లాసులో వినిపించవచ్చు.

ఎక్కువమంది అక్కడికి నవలల కోసం వెళ్తారు. నేను వెళ్లేది పద్యాల కోసం. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక చిన్న పద్యాన్ని ఎంచుకుంటారు, మనసున్నవాళ్లంతా దాన్ని చదివి పంపుతారు, వచ్చినవన్నీ ఒకే పేజీలో వరసగా పెడతారు. ఒకే పద్యం రకరకాల గొంతుల్లో, రకరకాల యాసల్లో వినపడుతుంది. ఆ పద్ధతిలో చేరని పద్యాలు కూడా వేర్వేరు సంకలనాల్లో వేర్వేరు వాళ్లు చదివినవి దొరుకుతాయి. ఛందస్సు నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు నేనింకోటి చూడలేదు. ఎందుకో చెప్పాలంటే ఒక పద్యాన్ని దగ్గర పెట్టుకుని చెప్పాలి.

నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. మా నాన్నగారు తెలుగు పండితులు. గురువు, లఘువు, గణాలు, యతి, ప్రాస అన్నీ ఆయన వేళ్ల మీద లెక్కపెట్టించి నేర్పారు. అందువల్ల పద్యం అనగానే నా వేళ్లు కదులుతాయి. ఇంగ్లీషు పద్యం దగ్గర మాత్రం ఆ వేళ్లు చాలా ఏళ్లు అయోమయంలో ఉండిపోయాయి. పాఠ్యపుస్తకాల వెనకుండే, అయాంబిక్, ట్రోకాయిక్ అని ఇంగ్లీషు గణాల పేర్లు చూపించే పట్టికలు వాటికి సాయం చెయ్యలేదు. విని నేర్చుకున్నదే నిలబడింది.

పద్యం పేరు ‘ది ఫెయిరీస్’. రాసింది విలియం ఆలింగ్‌హామ్. ఐర్లండ్‌లో డానెగాల్ కౌంటీలో, ఎర్న్ నది సముద్రంలో కలిసే చోటున్న బాలీషానన్ అనే ఊళ్లో 1824లో పుట్టాడు. కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. ఈ పద్యం 1850లో వచ్చిన ఆయన పద్య సంపుటిలో ఉంది. ఇందులో ఫెయిరీలంటే రెక్కల గౌనులేసుకున్న అమ్మాయిలు కారు. ఆకుపచ్చ కోటు, ఎర్ర టోపీ, అందులో తెల్ల గుడ్లగూబ ఈకతో గుంపులుగా తిరిగే బుల్లి మనుషులు. సముద్రం ఒడ్డున నురగ అట్లు తింటారు. కొండ చెరువులోని రెల్లులో కాపలా కుక్కలకు బదులు కప్పల్ని పెట్టుకుంటారు. వాళ్లకో ముసలి రాజు. ఇంతవరకు గమ్మత్తుగా ఉంటుంది. తర్వాత వాళ్లు బ్రిజెట్ అనే చిన్నపిల్లని ఎత్తుకుపోతారు. అక్కణ్ణించి వచ్చేది భయం.

మొదటి చరణం ఇలా నడుస్తుంది: ‘అప్ ద ఎయిరీ మౌంటెన్, డౌన్ ద రషీ గ్లెన్, వి డేర్‌న్ట్ గో అ-హంటింగ్, ఫర్ ఫియర్ ఆఫ్ లిటిల్ మెన్, వీ ఫోక్, గుడ్ ఫోక్, ట్రూపింగ్ ఆల్ టుగెదర్, గ్రీన్ జాకెట్, రెడ్ క్యాప్, అండ్ వైట్ ఔల్స్ ఫెదర్!’ గాలి వీచే కొండ మీదికి, రెల్లు పెరిగిన లోయలోకి వేటకు వెళ్లే ధైర్యం మాకు లేదు, ఆ బుల్లి మనుషులంటే భయం అని.

మన పద్ధతిలో అక్షరాలు లెక్కపెడితే వరసగా ఆరు, అయిదు, ఆరు, ఆరు, నాలుగు, ఆరు, అయిదు, అయిదు వస్తాయి. ఉత్పలమాలలో పాదానికి ఇరవై, చంపకమాలలో ఇరవై ఒకటి అని గీత గీసినట్టు నేర్చుకున్నవాళ్లకి ఇది చూడగానే లెక్క తప్పిన పద్యంలా కనపడుతుంది. కానీ వింటే ఎక్కడా తడబాటు లేదు, పిల్లలు బల్ల మీద దరువేస్తూ చెప్పగలిగే పాట. మరి ఏది సమానంగా ఉంది?

దీనికి జవాబు మనకి వేమన పద్యంలోనే ఉంది, వృత్తాల దగ్గర వెతికితే దొరకదు. ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ అనే పాదం తీసుకోండి. ఆటవెలదిలో ఈ పాదానికి అయిదు సూర్యగణాలు. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. నాలుగింటికి రెండేసి అక్షరాలు, ‘రుచుల’కి మూడు. అయినా అయిదూ ఒకే కాలం తీసుకుంటాయి, ఒక్కోటి మూడు మాత్రలు. గణాల సంఖ్య మారదు, అక్షరాల సంఖ్య మారుతుంది. మన ఆటవెలది, తేటగీతి, ద్విపద అన్నీ ఇలాంటివే. ఆలింగ్‌హామ్ పద్యం కూడా ఈ జాతిది. పాదానికి మూడు దెబ్బలు, మూడు చోట్ల గొంతు ఊనుతుంది. ‘అప్’, ‘ఎయి’, ‘మౌం’. తర్వాతి పాదంలో ‘డౌన్’, ‘ర’, ‘గ్లెన్’. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక తేలిక అక్షరం ఉండొచ్చు, రెండు ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. దెబ్బ మాత్రం సమయానికి పడాలి.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. నేను లిబ్రివాక్స్‌ని ఇంతగా మెచ్చుకోవడానికి కారణం ఆ తేడాయే. మన దగ్గర గురువేదో లఘువేదో అక్షరంలోనే రాసిపెట్టి ఉంటుంది. ఎవరు చదివినా ‘చూ’ గురువే, ‘డ’ లఘువే. ఇంగ్లీషులో సగం నిర్ణయం చదివేవాళ్ల నోట్లో ఉంటుంది. కాగితం మీద ఉన్నది సగం ఛందస్సే. మిగతా సగం చదివినప్పుడే పుడుతుంది. ఒక్కరి చదువు వింటే అదే ఆ పద్యం నడక అనుకుంటాం. పలువురి చదువు వింటే ఏ దెబ్బ పద్యానిదో, ఏ దెబ్బ చదివేవాళ్ల సొంతమో విడివిడిగా తెలుస్తుంది.

‘వీ ఫోక్, గుడ్ ఫోక్’ దగ్గర చూడండి. నాలుగే అక్షరాలు, నాలుగూ బరువైనవి. కొందరు ‘వీ’ మీద, ‘గుడ్’ మీద మాత్రమే ఊని, రెండు ‘ఫోక్’లనీ తేలిగ్గా వదిలేస్తారు. అప్పుడది పిల్లల పిలుపులా ఉంటుంది. ఇంకొందరు నాలుగింటినీ సమానంగా, ఒక్కోటి ఒక్కో అడుగులా వేస్తారు. అప్పుడు బుల్లి మనుషుల గుంపు నిజంగా కవాతు చేస్తూ వస్తున్నట్టు ఉంటుంది. మూడో రకం చదువులో ‘గుడ్’ దగ్గర గొంతు కాస్త తగ్గుతుంది, వాళ్ల చెవిన పడుతుందేమోనన్నట్టు. నాకు నచ్చింది ఇదే. ఐర్లండ్ పల్లెల్లో వాళ్లని మంచివాళ్లు అని పిలవడం భయంతో వచ్చిన అలవాటు. మనవాళ్లు మశూచిని అమ్మవారు అన్నట్టే. ఆ భయం అర్థంలో ఉంది గానీ అక్షరాల్లో లేదు. అది గొంతులో వస్తేనే వస్తుంది.

‘వైట్ ఔల్స్ ఫెదర్’ దగ్గర మాత్రం ఎవరూ పరుగెత్తలేరు. ‘వైట్’ చివరి టకారం, ఆ వెంటనే ‘ఔల్స్’ చివర లకార సకారాలు, వాటిని ఆనుకుని ‘ఫె’. నోరు ఆగి ఆగి కదలాల్సిందే. మూడు దెబ్బలూ పక్కపక్కనే పడతాయి. పై పాదాలన్నీ గంతులేస్తూ వచ్చి, ఇక్కడ ఈక గాల్లో దిగినంత నెమ్మదిగా ముగుస్తాయి. నేను విన్న చదువులన్నింటిలోనూ ఈ పాదం నెమ్మదిగానే ఉంది. కాబట్టి ఈ నెమ్మది పద్యానిదే, చదివేవాళ్లది కాదు.

ఇంకో సంగతి మా ఎనిమిదో తరగతి పిల్లాడు పట్టుకున్నాడు. వాళ్ల నాయనమ్మ కోలాటం బృందంలో ఆడుతుంది, వీడికి చేతిలో తాళం ఉంది. బ్లూటూత్ స్పీకర్లో పద్యం వస్తుంటే బల్ల మీద కొడుతూ కొడుతూ ఆగి, “టీచర్, ప్రతి లైను చివరా ఒక దెబ్బ ఖాళీగా పోతోంది, అక్కడ మాటల్లేవు” అన్నాడు. సరిగ్గా అదే. ఈ పాట నిజానికి నాలుగు దెబ్బల తాళం. మూడింటికి మాటలున్నాయి, నాలుగోది మౌనం. ‘అప్ ద ఎయిరీ మౌంటెన్’, తర్వాత ఒక ఖాళీ. ‘డౌన్ ద రషీ గ్లెన్’, తర్వాత ఒక ఖాళీ. ఇంగ్లీషు జానపద పాటల్లో, పిల్లల పాటల్లో ఈ ఖాళీ దెబ్బ చాలాచోట్ల ఉంటుంది, పుస్తకాల్లో మాత్రం కనపడదు. అచ్చులో దాన్ని చూపించే గుర్తు లేదు మరి. చెవికి మాత్రం స్పష్టంగా అందుతుంది. నేను దానికి పేరు చెప్పకముందే పిల్లాడు కనిపెట్టాడంటే, అది రికార్డింగుల గొప్పతనం.

ప్రాసల సంగతికొస్తే, తెలుగు చెవి పాదం రెండో అక్షరం దగ్గర ఎదురుచూస్తుంది, ఇంగ్లీషు చెవి పాదం చివర. మనకి పాటల వల్ల అంత్యప్రాస అలవాటే కాబట్టి పిల్లలు ‘గ్లెన్–మెన్’ని వెంటనే పట్టేస్తారు. ‘టుగెదర్–ఫెదర్’ని కూడా. ఈ రెండో జత మీద కాసేపు ఆగాలి. దెబ్బ ‘గె’ మీద, ‘ఫె’ మీద పడి, ఆ తర్వాతి ‘దర్’ కూడా కలుస్తుంది. రెండక్షరాల ప్రాస మెత్తగా జారి ముగుస్తుంది, ఒక్క అక్షరపు ప్రాస తలుపేసినట్టు ముగుస్తుంది. సరిపాదాల్లోనే ప్రాస ఉంటుంది, బేసి పాదాలు విడిగా వదిలేసి ఉంటాయి. కానీ మొదటి, మూడో పాదాల చివర ‘మౌంటెన్’, ‘హంటింగ్’ ఉన్నాయి. పూర్తి ప్రాస కాదు, లోపలి ‘ంట’ మాత్రం కలుస్తుంది. చివరి గకారాన్ని మింగి ‘హంటిన్’ అని చదివితే ఈ రెండూ ఇంకా దగ్గరవుతాయి.

రెండో చరణంలో పైకి కనపడే ప్రాసలు ‘హోమ్–ఫోమ్’, ‘లేక్–అవేక్’. అసలు పని లోపల జరుగుతుంది. ‘మేక్’, ‘పాన్‌కేక్స్’, ‘లేక్’, ‘అవేక్’. ఒకే ధ్వని చరణమంతా దారంలా పాకుతుంది. ‘ఫ్రాగ్స్’ పక్కనే ‘వాచ్‌డాగ్స్’ పెట్టి పాదం నడుమ ఇంకో ప్రాస కలిపాడు. కప్పలు కాపలా కుక్కలవడం అనే చమత్కారాన్ని ముందు చెవి ఒప్పుకుంటుంది, ఆ తర్వాతే బుద్ధి ఆలోచిస్తుంది. ‘క్రిస్పీ పాన్‌కేక్స్’లో క, ప, స పదేపదే వస్తాయి, నోట్లో కరకరలాడుతున్నట్టే ఉంటుంది. మా పిల్లల్లో సూర్యలంక బీచ్‌కి వెళ్లొచ్చినవాళ్లున్నారు. అలలు వెనక్కి పోయాక ఇసుకమీద మిగిలే మురికి పసుపు నురగ వాళ్లకి తెలుసు. దాన్ని అట్టులా తినే మనుషులనగానే క్లాసంతా నవ్వింది.

ముసలిరాజు చరణంలో స్థలాల పేర్లున్నాయి. స్లీవ్‌లీగ్ అంటే డానెగాల్ తీరంలో సముద్రం మీదికి ఆరువందల మీటర్ల ఎత్తున లేచిన కొండచరియ. రాసెస్ అదే కౌంటీలో పడమటి వైపున్న ప్రాంతం. రాజు తెల్లటి మంచు వంతెన మీద కొలమ్‌కిల్ దాటి, స్లీవ్‌లీగ్ నుంచి రాసెస్‌కి వెళ్తాడట. ‘క్రాసెస్–రాసెస్’ ప్రాస కుదిరింది కదా అని పేరు తెచ్చి అతికించలేదు. ఆ మూడూ ఒకే తీరంలో ఉన్న నిజమైన చోట్లు, ఆయన పుట్టిన నేల. ‘కొలమ్‌కిల్’ ఎలా పలకాలో అచ్చు చూస్తే తెలియదు, ‘స్లీవ్‌లీగ్’లో రెండు ‘ఈ’లు ఎంత సాగుతాయో తెలియదు. ఆ ప్రాంతపు యాస తెలిసినవాళ్లు చదివింది దొరికితే దాన్నే ముందు వినమంటాను. ఇక రాజు చలి రాత్రుల్లో ఉత్తర ధ్రువకాంతుల రాణితో భోజనానికి వెళ్లే పాదాల్లో తేలిక అక్షరాలు రెండేసి వస్తాయి, నడక ఒక్కసారిగా ఎగురుతుంది. ‘టు సప్ విత్ ద క్వీన్, ఆఫ్ ద గే నార్దర్న్ లైట్స్.’ పద్యం మొత్తంలో అత్యంత ఉల్లాసమైన చోటు ఇది. దీని వెనకే బ్రిజెట్ వస్తుంది.

ఆ చరణం గురించి చెప్పడానికే ఈ రివ్యూ మొదలుపెట్టానంటే తప్పులేదు.

‘దే స్టోల్ లిటిల్ బ్రిజెట్, ఫర్ సెవెన్ ఇయర్స్ లాంగ్, వెన్ షి కేమ్ డౌన్ అగెయిన్, హర్ ఫ్రెండ్స్ వర్ ఆల్ గాన్.’ ఏడేళ్లు ఎత్తుకుపోయారు, తిరిగొచ్చేసరికి స్నేహితులెవ్వరూ లేరు. అప్పటిదాకా సరిపాదాల్లో ప్రాసలన్నీ చక్కగా అతుక్కున్నాయి. ఇక్కడ ‘లాంగ్’, ‘గాన్’. అచ్చు కలిసింది, చివరి హల్లు కలవలేదు. ప్రాస చెయ్యి చాచింది, పట్టుకునేవాళ్లు లేరు. స్నేహితులు లేకుండా పోయిన పాదంలోనే జత తప్పింది. కవి కావాలని చేశాడా, అలా వచ్చిపడిందా అని నేను వాదించను. చెవికి మాత్రం అక్కడ ఏదో వెలితి తెలుస్తుంది. మంచిగా చదివేవాళ్లు ‘గాన్’ తర్వాతి ఖాళీ దెబ్బని కొంచెం సాగనిస్తారు.

తర్వాత వాళ్లు ఆ పిల్లని రాత్రికీ తెల్లవారికీ మధ్య మెల్లగా వెనక్కి తీసుకెళ్లిపోతారు. ‘దే థాట్ దట్ షి వజ్ ఫాస్ట్ అస్లీప్.’ నిద్రపోతోందనుకున్నారు. ఈ పాదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టండి. ఎనిమిది అక్షరాలు. పద్యంలో ఉన్న యాభైఆరు పాదాల్లో ఎనిమిది అక్షరాలున్నది ఇదొక్కటే. ఏడక్షరాలతో నాలుగు దెబ్బలు పడే పాదాలు అక్కడక్కడా ఉన్నాయి, కానీ తేలిక, బరువు, తేలిక, బరువు అని చివరిదాకా నిండుగా, ఊయల ఊగినంత సమంగా నడిచేది మాత్రం ఇదే. జోలపాటలా ఉంటుంది. ఖాళీ దెబ్బకి చోటే లేదు. ఆ వెంటనే ‘బట్ షి వజ్ డెడ్ విత్ సారో’. మళ్లీ మూడు దెబ్బలు, మళ్లీ ఆ ఖాళీ. అప్పటిదాకా పిల్లల ఆటలో భాగంగా ఉన్న ఆ మౌనం ఇక్కడ ఇంకోలా వినపడుతుంది. ‘మారో–సారో’ మెత్తటి రెండక్షరాల ప్రాస. కొట్టినట్టు చెప్పకుండా జారవిడిచినట్టు చెప్పాడు చావు సంగతి.

ఆ తర్వాతి ప్రాస ‘లేక్–వేక్’. రెండో చరణంలో ‘లేక్–అవేక్’ విన్నాం, కప్పలు చెరువులో రాత్రంతా మేలుకుని ఉండటం. ఇప్పుడు అదే ప్రాస, అలాంటి చెరువే, అడుగున ఆకుల పాన్పు మీద పిల్ల. ఆమె ఎప్పుడు మేలుకుంటుందా అని వాళ్లు కాపలా కాస్తున్నారు. అక్కడ నవ్వించిన ధ్వనే ఇక్కడికొచ్చింది. చచ్చిపోయిందని వాళ్లకి ఇంకా తెలియదు. కథ ఎక్కడా ఈ రెండు చరణాల్నీ ముడిపెట్టదు. ముడిపెట్టింది ధ్వని. దీన్ని కళ్లతో చదివినప్పుడు నేను చూడలేదు. ఒకదాని వెనక ఒకటి రికార్డింగులు వింటున్నప్పుడు, ఆ ‘ఏక్’ ధ్వని దగ్గర ప్రతి గొంతూ కొంచెం ఆగుతున్నప్పుడు పట్టుబడింది.

వినగా వినగా తెలిసిన ఇంకో సంగతి. పద్యం పేరు ‘ది ఫెయిరీస్’, కానీ లోపల ఆ మాట ఒక్కచోట కూడా లేదు. బుల్లి మనుషులు, మంచివాళ్లు, వాళ్లు. అంతే. పేరెత్తరు. అయితే మొదటి పాదంలోనే ‘ఎయిరీ’ ఉంది, ఫెయిరీకి సరిగ్గా ప్రాస. తర్వాత ‘డేర్‌న్ట్’, ముళ్లచెట్ల చరణంలో ‘బేర్’, ‘దేర్’, ‘డేరింగ్’. పలకకూడని పేరులోని అచ్చు పద్యమంతా తిరుగుతూనే ఉంటుంది. ఆ బుల్లి మనుషులు నాటిన ముళ్లచెట్లు పీకినవాడి పక్కలో రాత్రికి ముళ్లుంటాయని ఆ చరణం బెదిరిస్తుంది. ఐర్లండ్‌లో ఆ నమ్మకం బలమైనది. 1999లో క్లేర్ కౌంటీలోని లాటూన్ దగ్గర కొత్త రోడ్డు దారిలో అలాంటి ఒక ముళ్లచెట్టు వస్తే, దాన్ని కొట్టకుండా కాపాడుకున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్లలకి విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు, ఊరి చివర ఎవరూ చెయ్యివెయ్యని చెట్టు వాళ్లకీ ఉంది.

చివర్లో మొదటి చరణం అక్షరం మారకుండా తిరిగి వస్తుంది. రికార్డింగుల్ని పోల్చడానికి ఇదే సరైన చోటు. మొదటిసారి చదివినట్టే హుషారుగా చదివేవాళ్లున్నారు, వేగం సగానికి తగ్గించేవాళ్లున్నారు. నాకు హుషారుగా చదివిందే ఎక్కువ భయం పుట్టించింది. బ్రిజెట్‌కి అంత జరిగాక కూడా వాళ్లు అదే ఎర్ర టోపీలతో, అదే అడుగుతో పోతూనే ఉన్నారని తెలుస్తుంది. మా క్లాసులో సగంమంది దీనికి ఒప్పుకోలేదు. నెమ్మదిగా చదివిందే బాగుందన్నారు. ఒకమ్మాయి, “అదే పాట కదా టీచర్, ఇప్పుడెందుకు వేరేగా ఉంది?” అని అడిగింది. ఆ ప్రశ్నతో పీరియడ్ అయిపోయింది.

ఇక సేవ గురించి. చదివేవాళ్లందరూ వాలంటీర్లు, గొంతు బాగుందా లేదా అని వడకట్టే పద్ధతి అక్కడ లేదు. వాళ్ల విధానమే అది, దాచలేదు. కాబట్టి కొన్ని చదువులు ప్రతి దెబ్బనీ సుత్తితో కొట్టినట్టు ఉంటాయి, కొన్ని వచనంలా పారతాయి. నవల వినేవాళ్లకి ఇది ఇబ్బంది కావచ్చు. ఛందస్సు నేర్చుకునేవాళ్లకి రెండూ కావాలి. సుత్తి చదువులో తాళం దొరుకుతుంది, వచనపు చదువులో అర్థం దొరుకుతుంది, మంచి చదువు ఈ రెంటి మధ్యా ఎక్కడుందో తెలుస్తుంది. డబ్బు కట్టి తీసుకున్న ఒక పిల్లల యాప్‌లో ఇలాంటి పద్యాలే వెనక సంగీతంతో, బొమ్మలతో విన్నాను. ఆ డ్రమ్ము దెబ్బ పద్యం దెబ్బని మింగేసింది, ఖాళీలన్నీ పూడిపోయాయి. ఫోన్‌లో ఉండే యంత్రపు గొంతుతో కూడా చదివించాను. అన్ని అక్షరాలూ సరిగ్గా పలికింది, ‘గుడ్ ఫోక్’ దగ్గర భయపడలేదు.

వెతకడానికి మాత్రం కొంచెం ఓపిక కావాలి. చిన్న పద్యాలు సంకలనాల లోపల ఉంటాయి కాబట్టి కవి పేరుతో వెతకడం మేలు. ప్రతి రికార్డింగు మొదట్లో ఇది లిబ్రివాక్స్‌దని చెప్పే ఒక చిన్న ప్రకటన ఉంటుంది. పిల్లలకి వినిపించేటప్పుడు దాన్ని దాటించి పద్యం మొదలయ్యే చోట ఆపి ఉంచుకుంటే ధ్యాస చెదరదు. పద్యం పాఠం ముందే చేతికివ్వకండి. రెండు మూడు గొంతుల్లో విన్నాక, దెబ్బలు వాళ్లే కొట్టాక ఇవ్వండి. అప్పుడు కాగితం మీద పాదాలు పొడుగూ పొట్టిగా ఎందుకున్నాయో ఎవరూ అడగరు.

మా స్కూల్లో సిగ్నల్ సరిగా అందదు. నేను ఇంట్లోనే దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాను. 64, 128 కేబీపీఎస్ రెండు రకాల ఫైళ్లుంటాయి. కథలకి 64 చాలు, ఫైలు చిన్నది. ఈ పద్యానికి మటుకు 128 దించుకోండి. చవక స్పీకర్లో 64 పెడితే ‘క్రిస్పీ’లో సకారం, ‘ఫెదర్’లో ఫకారం అరిగిపోయి వినపడతాయి.